సంఘపు గిడ్డంగి: టెండరు పిలుచుటకు ముందు సభ్యులు ఆలోచింపవలసిన విషయములు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. సొంత యిల్లు కట్టుకొను కర్షకుడు బట్టీకి తానే పోయి ఇటుకను ఇటుకతో తట్టి మ్రోత విని కొనును. ఇసుకను గుప్పిట పట్టి మన్ను ఎంత గలదో చూచును. గోడను ఉదయ సాయంకాలములు ఇంటివారిచేతనే తడిపించును. ఆ కర్షకుడే పదిమందితో గూడి సహకార సంఘము పేర గిడ్డంగి కట్టింప బూనినప్పుడు ఈ జాగ్రత్త యంతయు ఒక్క ప్రశ్నలో అణగిపోవుచున్నది: "ఎవరు తక్కువకు వేసినారు?" అంచనాపై ఎవ్వరెక్కువ లెస్సు వేయుదురో వారికే పని దక్కును. అటుపిమ్మట జరిగినదేమో సభ్యులకు మొదటి వానకాలమున గాని తెలియదు.

ఈ విషయమును ఇప్పుడు చర్చించుటకు కారణము గలదు. ధాన్యమును ప్రాథమిక సంఘముల స్థాయిలోనే నిలువ చేయుటకు గిడ్డంగులు నిర్మించు పెద్ద పథకమును కేంద్ర మంత్రివర్గము 2023 మే 31న ఆమోదించెను. 2024 ఫిబ్రవరి 24న 11 రాష్ట్రములలో 11 సంఘముల గిడ్డంగులు మొదటి విడతగా ప్రారంభింపబడినవి. తెలంగాణమునందలి గంభీరావుపేట సంఘపు 500 టన్నుల గిడ్డంగి వానిలో నొకటి. అంతకు పూర్వమే, 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద 2 కోట్ల రూపాయలవఱకు గల అప్పులపై నూటికి 3 చొప్పున, 7 సంవత్సరములవఱకు వడ్డీ రాయితీ కల్పింపబడినది. కావున ఇకమీదట అనేక సంఘములు తమ పేర కట్టడములు కట్టింపనున్నవి. ఇట్టి కట్టడము నలువది యేబది యేండ్లు నిలువవలసినది. దానిని ఎవరిచేత, ఏ షరతులమీద కట్టింతుమను నిర్ణయము మాత్రము ఒక్క సాయంకాలపు సమావేశములో ముగియుచున్నది. ఆ సాయంకాలమునకు ముందే సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఇందు వ్రాయుచున్నాము.

ఇటుక యెక్కడిది?

కట్టడమునకును పొలమునకును సంబంధమేమని కొందఱు ప్రశ్నింపవచ్చును. లెక్క చూడుడు. 9 అంగుళముల పొడవు, 4½ అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గల ఇటుకలు వేయింటికి సుమారు 2 ఘనపు మీటర్ల గట్టి మన్ను పట్టును. 50,000 ఇటుకలు పట్టు కట్టడమునకు 100 ఘనపు మీటర్లు కావలయును. అనగా 8 సెంట్ల పొలమును ఒక అడుగు లోతున గీచివేసినంత మన్ను. ఆ అడుగు మన్నే పంటకు ప్రాణము. తాతల కాలమునుండి వేసిన పశువుల ఎరువు, కుళ్లిన ఆకు, చెఱువు వండలి యంతయు అందే యున్నది. దానిని బట్టీకి అమ్ముకొనిన రైతు ఒక సంవత్సరపు కౌలుకు ఆశపడి అనేక సంవత్సరముల పంటను పోగొట్టుకొనును. రైతుల సంఘమే రైతు పొలపు పైమన్నుతో గిడ్డంగి కట్టుట సహకారధర్మమునకు తగిన పనియేనా యని ఆలోచింపుడు.

దీనికి ప్రత్యామ్నాయము లేకపోలేదు. రామగుండము, ఇబ్రహీంపట్నము, సింహాద్రి, ముద్దనూరు మొదలగు చోట్ల బొగ్గుతో విద్యుత్తు తీయు కేంద్రములనుండి బూడిద గుట్టలుగా వచ్చుచున్నది. ఆ బూడిదతో చేయు ఇటుకలకు పైమన్ను అక్కఱలేదు, బట్టీలో కాల్చుటయు లేదు. బూడిదను కట్టడములయందు వినియోగింపవలెనని కేంద్ర ప్రభుత్వము 1999 సెప్టెంబరులోనే ప్రకటన గావించెను. మొదట విద్యుత్కేంద్రమునకు 50 కిలోమీటర్ల లోపల జరుగు పనులకు ఆ నియమము వర్తించుచుండెను. 2016లో ఆ దూరము 300 కిలోమీటర్లకు పెంపబడినది. అయినను బూడిద ఇటుకలన్నియు మంచివి కావు. సరిగా ఆరబెట్టి తూచిన ఇటుకను ఒక దినము నీటిలో నుంచి మఱల తూచినచో, బరువు నూటికి 20 వంతులకు మించి పెరుగరాదు. అనగా 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటరాదు. ఈ పరీక్షకు ఒక కాటా, ఒక తొట్టి చాలును. సంఘములో రెండును గలవు.

తక్కువ ధర యెట్లు పుట్టును?

కంట్రాక్టరులలో పనితనము గలవారు, పొదుపు తెలిసినవారు పెక్కుమంది గలరు. సొంత యంత్రములు గలవాడు, సామానును కాలానుగుణముగా కొనువాడు, కూలివారిని నిలుపుకొన గలవాడు న్యాయముగనే కొంత తక్కువకు వేయగలడు. అట్టి తగ్గింపు సంఘమునకు లాభమే. కాని అంచనాపై నూటికి 25, 30 వంతుల లెస్సు వేసినవాడు దానిని ఎక్కడో రాబట్టుకొనక తప్పదు. రాబట్టుకొను చోటులు మనకు తెలియనివి కావు: పునాదిలో మన్నును పొరలుగా వేసి దిమ్మిస కొట్టింపకపోవుట, సిమెంటులో ఇసుక పాలు పెంచుట, కడ్డీల నడుమ ఎడము పెంచుట, గోడను రెండు దినములు మాత్రమే తడిపి విడిచిపెట్టుట. ఇవి యన్నియు పూత క్రింద దాగునవి. బయటికి కనబడు తలుపునకు మాత్రము చక్కని రంగు వేయబడును.

ఈ అపాయమును ప్రభుత్వములును గుర్తించినవి. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పనుల విషయమై చేసిన ఉత్తరువులో, అంచనాపై నూటికి 25 వంతులకు మించి తక్కువ వేసినవారు ఆ మించిన భేదమునకు బ్యాంకు హామీ యీయవలెనని విధించెను. 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థికశాఖ వెలువరించిన సూచనలలో, నాణ్యత ప్రధానమైనవని తగిన అధికారిచే ప్రకటింపబడిన పనులయందు ధరతో పాటు నాణ్యతకును మార్కులిచ్చుటకు అనుమతి యీయబడినది. అట్లిచ్చు మార్కులు నూటికి 30 దాటరాదని హద్దును ఏర్పఱచిరి. ఈ రెండును సంఘములు ఆదర్శముగా గొనదగినవి. ప్రభుత్వపు సొమ్ముతో కట్టు పనికి ఆ సొమ్ము మంజూరు చేసినవారి నియమములే ప్రధానము. కావున మంజూరు కాగితమును మొదట చదువుకొనవలయును. ఆ హద్దులోపల సంఘమునకు చేయదగినవి మూడు మెట్లుగా గలవు.

మొదటి మెట్టు: కోరునది కాగితముమీద వ్రాయుట

"మంచి ఇటుక, మంచి సిమెంటు వాడవలయును" అని వ్రాసిన షరతు షరతు కాదు. మంచి యనగా నేమో వ్రాసినప్పుడే తక్కువకు వేసినవాడును ఎక్కువకు వేసినవాడును ఒకే వస్తువునకు ధర చెప్పినవారగుదురు. పత్రములో ఉండదగిన విషయములను కొన్నిటిని పేర్కొనుచున్నాము.

గోడలకు బూడిద ఇటుకలు వాడవలయునని, పైన చెప్పిన నీటి పరీక్షలో నెగ్గని బండిని త్రిప్పి పంపుదుమని వ్రాయవలయును. సిమెంటు విషయమున, బూడిద కలిసిన పోజోలానా సిమెంటును కోరవచ్చును. అందు నూటికి 15 మొదలు 35 వంతులవఱకు బూడిద యుండును గనుక సున్నపురాయిని కాల్చు పని ఆ మేరకు తగ్గును. కాని ఈ సిమెంటు నెమ్మదిగా గట్టిపడునది. ఎండ మెండైన మన ప్రాంతములలో దీనితో చేసిన పనిని 14 దినములకు తక్కువ గాకుండ తడుపవలయును. ఈ దినముల సంఖ్య పత్రములో లేనిచో మంచి సిమెంటే చెడ్డపేరు తెచ్చుకొనును. ఏటి ఇసుక దొరకని చోట రాతిని పొడిచేసి కడిగిన ఇసుకను వాడుటకు అనుమతింపవచ్చును. దుమ్ము కడుగని దానిని మాత్రము అంగీకరింపరాదు.

నల్లరేగడి నేలలో నేల పరీక్ష లేకుండ పునాది తీయరాదు. వానకు ఉబ్బి, ఎండకు బీటలువాఱు ఆ నేలలో మామూలు పునాదిపై లేచిన గోడ రెండేండ్లలో చీలుట మనమెఱిగినదే. పరీక్షకగు ఖర్చును టెండరులో వేఱుగా చూపవలయును. అట్లు చూపనిచో దానిని మిగుల్చుకొనువాడు గెలుచును.

గిడ్డంగి నేల చుట్టునున్న నేలకంటె సుమారు మూడడుగుల ఎత్తున నుండుట, నేలలో చెమ్మ ఎక్కకుండ అడ్డుపొర వేయుట, గాలి కిటికీలకు పక్షులు ఎలుకలు దూరకుండ వల బిగించుట, ఇవి ధాన్యమును కాపాడునవి. కప్పునకు ఎండను త్రిప్పికొట్టు తెల్లపూత వేయించినచో లోని వేడి తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో ఇట్టి చల్లని కప్పుల కొఱకు ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించెను. 300 చదరపు మీటర్ల కప్పు గల గిడ్డంగిపై, ఏటికి 900 మిల్లీమీటర్ల వాన కురియు చోట, వృథా పోగా 2 లక్షల లీటర్లకు పైగా నీరు దొరకును. ఆ నీటిని గోడ ప్రక్కను పాఱనిచ్చినచో పునాదికి చేటు. గొట్టములద్వారా ఇంకుడుగుంటకు మళ్లించినచో ఊరి బావులకు మేలు.

గిడ్డంగికి చేర్చి కట్టు కార్యాలయపు గదులకు మఱియొక మార్గము గలదు. కేరళమున పనిచేసిన వాస్తుశిల్పి లారీ బేకర్ మిక్కిలి ప్రచారము చేసిన 'ర్యాట్ ట్రాప్' కట్టులో ఇటుకలను అంచుమీద నిలిపి నడుమ ఖాళీ విడిచి పేర్చుదురు. ఇటుకలు సుమారు నాలుగవ వంతు మిగులును. నడుమనున్న గాలివలన గది చల్లగా నుండును. మేస్త్రీకి ఈ పని తెలిసి యుండవలయును గాన తెలియనిచోట దీనిని బలవంతపెట్టరాదు.

రెండవ మెట్టు: మార్కులు వేయు విధము

కాగితముమీద వ్రాయలేనిది పనివాని నడవడి. దానికి మార్కులు వేయుట యుక్తము. ఒక ఉదాహరణమును ఊహింపుడు. ధరకు 70, నాణ్యతకు 30 మార్కులు ఉంచితిమి. మొదటివాడు 34 లక్షలకు వేసెను, రెండవవాడు 37 లక్షలకు వేసెను. అందఱికంటె తక్కువ వేసిన మొదటివానికి ధర క్రింద 70 మార్కులును పూర్తిగా వచ్చును. రెండవవానికి 34ను 37చే భాగించి 70చే గుణింపగా 64.3 మార్కులు వచ్చును. నాణ్యతలో మొదటివానికి సగము, అనగా 15 మార్కులు వచ్చినవి. రెండవవానికి నూటికి 85 పాళ్లు, అనగా 25.5 వచ్చినవి. మొత్తము మొదటివానికి 85, రెండవవానికి 89.8. పని రెండవవానిది.

ఇంతమాత్రమున నాణ్యత పేర ఎంతైన అడుగవచ్చునని తలపరాదు. రెండవవాడు 40 లక్షలకు వేసి యుండినచో ఇద్దఱికిని సరిగా 85 మార్కులే వచ్చెడివి. 40 దాటినచో పని మొదటివానికే పోయెడిది. అనగా ఈ ఉదాహరణములో మంచి పనితనమునకు సంఘము చెల్లింప నంగీకరించిన హెచ్చుధరకు 6 లక్షలు పరమావధి. అది యెక్కువయో తక్కువయో సభ్యులు తమ సభలో తేల్చుకొని, దానికి తగినట్లు 70, 30 అను పాళ్లను మార్చుకొనవచ్చును.

నాణ్యతకు మార్కులు వేయుటకు ఆధారము కంటికి కనబడునదై యుండవలయును. ఆ కంట్రాక్టరు అయిదేండ్ల క్రిందట కట్టిన కట్టడములను రెంటిని వానకాలమున పోయి చూచుట. వానిని కట్టించుకొనినవారి వ్రాతమూలకమైన అభిప్రాయము. చెప్పిన గడువులోపల ముగించెనా యను విషయము. కూలివారికి వారము వారము కూలి ముట్టచెప్పునా యను విషయము. పని ముగిసిన పిమ్మట పగిలిన ఇటుకను, మిగిలిన సున్నమును చెఱువులో పోయునా, నేల నింపుటకు వాడునా యను విషయము. ఒక్కొకదానికి ఎన్ని మార్కులో టెండరు ప్రకటనలోనే అచ్చువేయవలయును. కవరులు తెఱచిన పిమ్మట మార్కుల పట్టికను తయారుచేయుట మోసమునకు తలుపు తెఱచుటయే.

మూడవ మెట్టు: సొమ్ము చెల్లించు క్రమము

ఎంత మంచివానిని ఎన్నుకొనినను, పనిని చూడకయే బిల్లు చెల్లించినచో వాడును అలసుడగును. కావున చెల్లింపును మరుగుపడు పనులతో ముడిపెట్టవలయును. పునాది పూడ్చుటకు ముందు ఒకటి, అడుగు నేల గట్టిపఱచిన పిమ్మట ఒకటి, కప్పు కడ్డీలు కట్టి కాంక్రీటు పోయుటకు ముందు ఒకటి: ఈ మూడు సందర్భములయందు ఇంజనీరుతో పాటు సభ్యులలో ఇద్దఱు నిలిచి చూచి సంతకము చేయవలయును. తడుపు దినములకు గోడమీదనే సుద్దతో తేదీ వ్రాయించుట మేస్త్రీలు ఎఱిగిన పద్ధతియే. ఆ వ్రాతను చూచినవాడెవ్వడైనను లెక్క అడుగగలడు. బిల్లులలో నూటికి 5 వంతులు నిలిపియుంచి, రెండు వానకాలములు గడచిన పిమ్మట కప్పు కాఱకయు గోడ చీలకయు నున్నచో చెల్లింపవచ్చును.

దీనికి ప్రతిగా సంఘమునకును ఒక ధర్మము గలదు. చూచి సంతకము చేసిన పనికి పదునైదు దినములలో సొమ్ము చెల్లింపవలయును. బిల్లు ఆఱు మాసములు నిలిచిపోవునని తెలిసినచోట కంట్రాక్టరు ఆ వడ్డీని ముందుగనే ధరలో కలుపుకొనును. లేదా సామానులో తగ్గించును. సకాలమున చెల్లించు సంఘమని పేరు వచ్చినచో మంచి పనివారు తామై వచ్చి న్యాయమైన ధరకు వేయుదురు.

వినబడు ఆక్షేపణలు

మార్కుల పద్ధతిచే పాలకవర్గము తమవారికే పని కట్టబెట్టునని కొందఱనెదరు. ఈ భయము నిరాధారమైనది కాదు. ధర యొక్కటియే ఆధారమైనపుడు అంకె అందఱికిని కనబడును. మార్కులలో మనుష్యుల ఇష్టానిష్టములు చొరబడును. కావున మార్కులు వేయు సంఘములో, టెండరు వేసినవారికి చుట్టమైనవాడెవ్వడును కూర్చుండరాదు. ఎవరికెన్ని మార్కులు, ఏ కారణమున వచ్చినవో ఆ కాగితమును నోటీసు బోర్డుపై అంటింపవలయును. సర్వసభ్య సభలో చదివి వినిపింపవలయును. ఇంత వెలుగులో పని చేయుటకు ఇష్టపడని పాలకవర్గము మార్కుల పద్ధతిని చేపట్టకుండుటయే మేలు. అట్టిచోట షరతులను గట్టిగా వ్రాసి తక్కువ ధరకే ఇచ్చుట క్షేమము.

ఈ షరతులచేత ఊరి మేస్త్రీలు వెనుకబడుదురని మఱికొందఱనెదరు. ఇదియు ఆలోచింపదగిన మాటయే. పెద్ద ధరావతు, పెద్ద పనుల అనుభవము కోరినచో పట్టణపు కంట్రాక్టరులే మిగులుదురు. గోడలు, తలుపులు, ఇంకుడుగుంట, పూతలు మొదలగు వానిని వేర్వేఱు చిన్న పనులుగా విడదీసినచో స్థానికులకును అవకాశము కలుగును. పనివారే సంఘముగా ఏర్పడుట అంతకంటె ఉత్తమ మార్గము. కేరళమున వటకర సమీపమునందలి ఊరాళుంగల్ గ్రామమున 1925లో వాగ్భటానంద గురువు ప్రేరణచేత కూలివారు స్థాపించుకొనిన కార్మిక కంట్రాక్టు సహకార సంఘము నూఱేండ్లు నిండి, నేటికిని రోడ్లను, వంతెనలను, భవనములను కట్టుచున్నది. కట్టువారును సహకారులు, కట్టించుకొనువారును సహకారులు అగుట మన నాట అసాధ్యమని మేము తలపము.

ఇదంతయు ఖర్చును పెంచునని మూడవ ఆక్షేపణ. మొదటి ఖర్చు కొంత పెరుగవచ్చును, కాదనము. కాని గిడ్డంగి ధరను కట్టిననాటి బిల్లుతో కొలువరాదు. ఇరువదియేండ్ల మరమ్మతులు, చెమ్మకు ముక్కిన బస్తాలు, ఎలుకల పాలైన గింజలు, ఖాళీగా నుండి అద్దె రాని మాసములు, ఇవి యన్నియు దాని ధరలోనివే. టెండరులో మిగిలిన మూడు లక్షలు ఒక్క వానకాలమున కాఱిన కప్పు క్రింద పోవచ్చును. అప్పుడు నష్టపడువాడు కంట్రాక్టరు కాడు, అధ్యక్షుడు కాడు. ధర వచ్చువఱకు ఆగుదమని నమ్మి తన ధాన్యమును సంఘమునకు అప్పగించిన సన్నకారు రైతు.

కాబట్టి సభ్యులకు మా మనవి యిది. మీ సంఘము కట్టడము తలపెట్టినదని తెలిసిన వెంటనే కార్యదర్శిగారిని అడిగి షరతుల పత్రపు చిత్తుప్రతిని తెప్పించుకొనుడు. అందు ఇటుక యేదో, తడుపు దినములెన్నో, నేల పరీక్ష గలదో లేదో, కప్పునీరు ఎటు పోవునో, మార్కులెట్లు వేయుదురో, నిలుపుసొమ్మెంతయో చూడుడు. లేనిదానిని వ్రాయింపుడు. టెండరు ప్రకటింపబడకముందు ఒక గంట కూర్చుండి చేయదగిన ఈ పని, ప్రకటింపబడిన పిమ్మట ఎన్ని సభలు జరిపినను చేయ శక్యము గాదు.